మూత తీయించి చూడండి

చేతిలో ఇరవై వేలు, కాస్త అటూ ఇటూ. విడిభాగాలు కొని బిగించుకునే తీరిక లేదు. తెచ్చి ప్లగ్గు పెడితే పనిచేసే డెస్క్‌టాప్ కావాలి. ఇలా అడిగే డిగ్రీ విద్యార్థులకూ, కొత్తగా జిరాక్స్, డీటీపీ షాపు పెట్టుకునేవారికీ నేను చూపించే పెట్టె ఒకటుంది: డెల్ ఆప్టిప్లెక్స్ 7060, స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్. మన షాపుల్లో అడగాలంటే స్లిమ్ సీపీయూ. 2018లో వచ్చిన మోడల్. పెద్ద ఆఫీసులు వీటిని కొన్నేళ్ల లీజుకు తీసుకుని, గడువు తీరగానే గంపగుత్తగా వదిలేస్తాయి. వాటిని శుభ్రం చేసి, పరీక్షించి, రీఫర్బిష్డ్ పేరుతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల అమ్ముతుంటారు. పాతదని ముఖం తిప్పుకునే ముందు దాని మూత తీయించి లోపలికి చూడాలి. ఆ ధరలో దొరికే డబ్బాల్లో ఇంత శ్రద్ధగా చేసిన పని నాకు మరొకటి కనబడలేదు.

ఎత్తూ లోతూ 29 సెంటీమీటర్లు, మందం 9 సెంటీమీటర్ల పైచిలుకు. వెనకవైపు ఒక గడియ ఉంటుంది. దాన్ని జరిపితే టిక్కుమంటుంది, పక్క రేకు జరిగి చేతికొచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పని లేదు. హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవ్ రెండూ కలిసి ఒకే చట్రంలో కూర్చుని ఉంటాయి. కేబుళ్లు ఊడదీసి మీట జరిపితే ఆ చట్రం మొత్తం పైకి లేచి వచ్చేస్తుంది, కింద ర్యామ్ స్లాట్లు నాలుగూ బయటపడతాయి. డిస్కును పట్టుకున్న ప్లాస్టిక్ బిగింపు అంచులు కాస్త వంచితే చాలు, అదీ విడిపోతుంది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ లాగాలో వెతుక్కోనక్కర్లేదు. వేలు పెట్టాల్సిన చోట్ల నీలం రంగు వేశారు. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్‌లో అదే పనికి ఆకుపచ్చ వాడతారు. ఒక అంతస్తులో వందల మెషిన్లు చూసుకునే టెక్నీషియన్ ఒక్కో దాని ముందు ఎక్కువసేపు కూర్చోలేడు. ఈ పెట్టెను గీసిన ఇంజినీర్ల కళ్లముందు మెదిలింది ఆ టెక్నీషియనే. వాళ్లు అతని కోసం పడ్డ శ్రమ ఇన్నేళ్ల తర్వాత మనకు అక్కరకొస్తోంది.

తీగలు చూడండి. చవక క్యాబినెట్ తెరిస్తే వాడని కేబుళ్లన్నీ ఒక మూలకు కుక్కి, ట్యాగుతో కట్టేసి ఉంటాయి. ఇందులో ప్రతి కేబుల్ కావలసినంత పొడవే. అంచు వెంబడి రేకుకే కొక్కేలు మలిచి, వాటిలోంచి నడిపించారు. ముందునుంచి వచ్చే గాలికి అడ్డం పడేది లేదు, ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌కు ఆ గాలి సూటిగా తగులుతుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద మరికాస్త ఆలోచించారు. మామూలు ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులు మూడూ తయారుచేసి 24 పిన్నుల లావు కేబుల్‌తో బోర్డుకు పంపుతుంది. ఇది 12 వోల్టులు మాత్రమే ఇస్తుంది. మిగతా వోల్టేజీలు మదర్‌బోర్డే తయారుచేసుకుంటుంది, డిస్కులకు కరెంటు కూడా బోర్డు నుంచే వెళుతుంది. కేబుళ్లు సన్నబడ్డాయి, కరెంటు వృథా తగ్గింది. సామర్థ్యం 200 వాట్లు. దీనికో లోటు కూడా ఉంది, దాచకూడదు. ఈ ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే వీధి చివరి షాపులో దొరికేది దీనికి సరిపోదు, అదే రకం వెతికి తేవాలి. గ్రాఫిక్స్ కార్డు కూడా సగం ఎత్తుదే పడుతుంది, అదీ తక్కువ కరెంటు తాగేదై ఉండాలి. పెద్ద ఆటలాడాలనుకునే కుర్రాళ్లు ఈ పెట్టె జోలికి రావద్దు.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది పవర్ బటన్. మెషిన్ మొరాయిస్తే అది నారింజ, తెలుపు రంగుల్లో లెక్కపెట్టి మరీ వెలుగుతుంది. రెండు నారింజ, మూడు తెలుపు మెరుపులంటే ర్యామ్ కనబడలేదని అర్థం. రెండు, ఒకటి అయితే తేడా ప్రాసెసర్ దగ్గర. మానిటర్ లేకుండానే జబ్బు ఎక్కడో పట్టేయొచ్చు. స్క్రీన్ వస్తుంటే ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కాలి. విండోస్‌తో నిమిత్తం లేకుండా ర్యామ్, డిస్కు, ఫ్యాన్ అన్నిటినీ పరీక్షించే ప్రోగ్రామ్ బోర్డులోనే ఉంది. డబ్బా మీద ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. అది డెల్ వెబ్‌సైట్‌లో కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో బయల్దేరిందో, ఎప్పుడు బయల్దేరిందో తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ సరుకు కొనేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

పని విషయానికొస్తే, దీనిలో సాధారణంగా దొరికే ఐ5-8500 ప్రాసెసర్‌కు ఆరు కోర్లు. ట్యాలీ, ఎక్సెల్, పేజ్‌మేకర్, ఆన్‌లైన్ క్లాసులు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, వీటన్నిటికీ ధారాళంగా సరిపోతుంది. బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉంది కాబట్టి విండోస్‌కు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాత హార్డ్ డిస్కు మీద నడపకండి. ర్యామ్ 8 జీబీతో మొదలుపెట్టినా పరవాలేదు, తర్వాత పెంచుకోవడానికి స్లాట్లున్నాయి. ఇదే వరసలో చవకైన 3060కి రెండే స్లాట్లు.

నంబరు దగ్గర మాత్రం జాగ్రత్త. 7050 కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, ఇంకాస్త తక్కువకు వస్తుంది. అది ఏడో తరం ప్రాసెసర్‌ది. ఇంటెల్‌లో విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేవి దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఆ మిగిలే డబ్బు కోసం 7050కి దిగకండి.

1993లో మొదలైన ఆప్టిప్లెక్స్ పేరును డెల్ 2025 జనవరిలో పక్కనపెట్టి, కొత్త మెషిన్లకు డెల్ ప్రో అని పేరు పెట్టింది. పాతవి మాత్రం ఇంకా చాలాకాలం మార్కెట్లో ఉంటాయి.

కొనేటప్పుడు డబ్బు చేతిలో పెట్టకముందే షాపులోనే మూత తీయించండి. ఎఫ్2 నొక్కి బయోస్ తెరిపించి పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకోండి. దూరం నుంచే మెషిన్‌ను ఆపేయడానికి పాత ఆఫీసు పెట్టిన అబ్సల్యూట్ లాక్ ఇంకా ఆన్‌లో ఉంటే ఆ మెషిన్ వద్దనండి. ఎఫ్12 పరీక్ష పూర్తయ్యేదాకా అక్కడే ఉండండి. చివరగా బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో, సర్వీస్ ట్యాగ్ ఏమిటో రెండూ రాయించుకోండి.