బెత్తము, దుడ్డుకర్ర, శిక్ష: సామెతల గ్రంథానువాదంలో బాలశిక్షణ భావన

పిల్లలను కొట్టి పెంచడం దైవాజ్ఞ అని వాదించే క్రైస్తవులు ఎక్కువగా ఆధారపడేది సామెతల గ్రంథంలోని నాలుగు చోట్ల మీదనే: 13:24, 22:15, 23:13-14, 29:15. ఈ వాక్యాలపై ఆంగ్లంలో విస్తృతమైన చర్చ జరిగింది. తెలుగు పాఠకుడి సమస్య కొంత వేరు. అతని చేతిలో ఉన్నది హీబ్రూ మూలం కాదు, ప్రాచీనానువాదంగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలు. అందులో అనువాదకులు ఎంచుకున్న పదాలే వ్యాఖ్యానంలో సగం పని ముందుగా పూర్తి చేశాయి.

ఈ నాలుగు చోట్లా మూలంలో ఉన్న పదం 'షేవెత్'. కర్ర, గొర్రెల కాపరి దుడ్డు, రాజదండం, చివరకు గోత్రం అనే అర్థాలు కూడా దానికి ఉన్నాయి. 23వ కీర్తనలో ఇదే పదం 'దుడ్డుకర్ర' అయి భక్తుణ్ణి ఆదరిస్తుంది. సామెతలు 13:24లో 'బెత్తము' అయింది; 22:15లో 'శిక్షాదండము'గా మారింది. బెత్తం అనగానే తెలుగువాడికి కాపరి గుర్తుకు రాడు, బడిపంతులు గుర్తుకు వస్తాడు. ప్రాచీన ఇశ్రాయేలు జ్ఞానసాహిత్యం ఆ ఒక్క మాటతో వీధిబడి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

'మూసార్' అనే పదం విషయం మరింత ఆసక్తికరం. ఉపదేశం, మందలింపు, దండన మూడూ అందులో ఇమిడి ఉన్నాయి. 1:8లో దానిని 'ఉపదేశము' అన్న తెలుగు బైబిలు, 13:24లో 'శిక్షించు' అన్నది. సంస్కృతంలో 'శిక్ష' అంటే నేర్పు, అభ్యాసం. 'పెద్దబాలశిక్ష' అన్న పేరులో ఆ అర్థమే నిలిచి ఉంది; ఆ పుస్తకం పేరు విని దెబ్బలను తలచుకునేవారు లేరు. నేటి వాడుకలో మాత్రం శిక్ష అంటే దండనే. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4లో గ్రీకు 'పైదేయా'కు సైతం ఈ మాటే వాడినందువల్ల, పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులను హెచ్చరించే వాక్యం కూడా దండన పక్షాన సాక్ష్యం చెబుతున్నట్లు వినిపిస్తుంది.

అయితే దోషమంతా అనువాదానిదే అనడం తొందరపాటు. కాపరి కర్ర గొర్రెను నడిపించడానికే గాని కొట్టడానికి కాదన్న వాదం బోధకులలో ప్రచారంలో ఉంది. అది వినడానికి ఇంపుగా ఉన్నా 23:13 దగ్గర నిలవదు. అక్కడ మూలంలోనే 'కొట్టు' అనే క్రియ స్పష్టంగా ఉంది. మూలాన్ని మెత్తబరచి కరుణను నిరూపించడం పాండిత్యం కాదు.

ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నవాడు విలియం వెబ్. 1970లో వెలువడిన 'డేర్ టు డిసిప్లిన్'లో మనస్తత్వవేత్త జేమ్స్ డాబ్సన్ ఉద్దేశపూర్వకమైన ధిక్కారానికి మాత్రమే, ప్రేమతో, మితంగా దెబ్బ వేయవచ్చని చెప్పాడు. అటువంటి మితవాదులు బైబిలును దాటి ఇప్పటికే చాలా దూరం వచ్చారని 2011 నాటి గ్రంథంలో వెబ్ చూపాడు. సామెతలు వీపును పేర్కొంటాయి (10:13, 26:3), గాయాలను సమర్థిస్తాయి (20:30). నేటి బోధకులు ఒకటి రెండు దెబ్బలు, అవీ పిరుదులపై, మచ్చ పడకుండా అంటారు. వీపు ప్రస్తావన ఉన్న వాక్యాలు పిల్లలను గాక మూర్ఖులను ఉద్దేశించినవన్న ఆక్షేపణకు చోటున్నా, వెబ్ వాదపు మూలబలం చెక్కుచెదరదు: అక్షరానుసరణ అని చెప్పుకునేది నిజానికి ఎంపిక. ఎంపిక అయినప్పుడు దానికి కారణం చెప్పవలసిన బాధ్యత వస్తుంది.

హెబ్రీయులకు రాసిన పత్రిక 12:6 మరో సాక్ష్యం. అది సామెతలు 3:12ను ఉదహరిస్తుంది. హీబ్రూ పాఠంలో అక్కడ 'తండ్రివలె' అని ఉంటే, గ్రీకు అనువాదకులు అవే హల్లులను వేరే అచ్చులతో చదివి 'కొరడాతో కొట్టు' అనే అర్థం తెచ్చారు. పత్రికా రచయిత గ్రీకు పాఠాన్నే అనుసరించాడు. తెలుగు బైబిలులో ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చదివితే, తండ్రి ఉన్న చోట దండన వచ్చిందని సామాన్య పాఠకుడికీ తెలుస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దైహిక దండనను నిషేధించింది. ఇల్లు ఆ సెక్షన్ పరిధిలోకి రాదు. అక్కడ 13:24ను చదివి వినిపించే తండ్రికి, 'బెత్తము' పక్కన 'దుడ్డుకర్ర' అనీ, 'శిక్షించు' పక్కన 'ఉపదేశించు' అనీ చూపే ఒక్క అధోజ్ఞాపిక కూడా వాడుక ప్రతులలో కనిపించదు.