చైతన్యం ఎక్కణ్ణించి వస్తుంది?

దళిత కవిత్వంలో ఆవేశమే తప్ప ఆలోచన లేదన్న మాట సాహిత్య సభల్లో చాలాసార్లు విన్నాను. వీళ్ల లెక్కలో ఆలోచన తలలో ఉంటుంది, ఆవేశం ఒంట్లో ఉంటుంది. తల పైకులం, ఒళ్లు కిందికులం. మనిషి మనసుని కూడా వర్ణాలుగా చీల్చి చూసే అలవాటిది.

చిన్నప్పుడు ఊరి మంచినీళ్ల బావిలో మమ్మల్ని చేద వెయ్యనిచ్చేవాళ్లు కాదు. దోసిలి పట్టి నిలబడితే ఎవరో ఎత్తునుంచి పోసేవాళ్లు. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. 'అంటరానితనం' అనే మాట నాకప్పటికి తెలీదు. కళ్లు మూసుకుంటే ఆ దోసిలి మాత్రం కనపడేది. దాంతోపాటు సిగ్గు, సిగ్గు వెనక కోపం. తోడే చెయ్యెవరిది, పట్టే చెయ్యెవరిదన్న ప్రశ్న ఆ కోపంలోంచే పుట్టింది. 1927లో అంబేడ్కర్ వేలమందితో వెళ్లి మహాడ్ చవదార్ చెరువు నీళ్లు తాగాడని చదివాక ఆ ప్రశ్నకి దారి దొరికింది.

జాషువా 'గబ్బిలం' (1941) చూడండి. కాళిదాసు యక్షుడి విరహానికి మేఘం సరిపోయింది. జాషువా నాయకుడికి గబ్బిలమే కావాలి. ఎందుకని? అతను గడప తొక్కలేని గుళ్లో అది హాయిగా వేలాడుతుంది. పూజారి లేని వేళ చూసి శివుడి చెవిలో తన గోడు చెప్పమంటాడు. ఆ ఎంపికలోనే బాధ ఉంది, వెటకారం ఉంది, ధర్మాన్ని నిలదీసే తర్కం ఉంది. ఇందులో ఆవేశమేదో, ఆలోచనేదో విడదీసి చూపించమనండి! పదచిత్రం భావానికి తొడిగిన నగ కాదు. గబ్బిలాన్ని తీసేస్తే మిగిలేది వట్టి ఫిర్యాదు.

నరాల వైద్యుడు ఆంటోనియో డమాసియో 1994లో 'డేకార్ట్స్ ఎర్రర్' అనే పుస్తకంలో మెదడు ముందుభాగం దెబ్బతిన్న రోగుల గురించి రాశాడు. వాళ్ల తెలివికి లోటు లేదు. ఉద్వేగాలే మొద్దుబారాయి. దాంతో సొంత బతుకు విషయంలో సరైన నిర్ణయం తీసుకోలేకపోయారు. అంటే ఉద్వేగం ఆలోచనకి శత్రువు కాదు, ఊతకర్ర.

అయితే మనసులో బొమ్మ ఉన్నంత మాత్రాన అది చైతన్యమైపోదు. అదే దోసిలి మా అమ్మలో భయంగా మిగిలిపోయింది. 'మన రాత' అనేది. సిగ్గు ప్రశ్నగా మారాలంటే పక్కనున్నవాడు 'నాక్కూడా ఇంతే జరిగింది' అనాలి. బొమ్మలు కలవాలి.

'పల్లెలో చైతన్యం తేవాలి' అంటుంటారు మన కార్యకర్తలు. అది బయట్నించి బస్సులో తెచ్చే సరుకా? ముందు పల్లె కళ్లల్లో ఏ బొమ్మ నిలిచి ఉందో అడగండి. ఉపన్యాసం తర్వాత ఇద్దురుగాని.