నీడ చెప్పే చిరునామా

పేరు ఒక్కటే చెబితే తికమక తప్పదు. అంబర్‌పేట్ హైదరాబాద్ నగరంలో ఒకటుంది. విజయవాడ హైవే ఔటర్ రింగ్ రోడ్డును కలిసే చోట మన పెద్ద అంబర్‌పేట్ ఉంది. రెండింటికీ మధ్య పదిహేను కిలోమీటర్ల దూరం. అదే ఉత్తర అక్షాంశం 17.32, తూర్పు రేఖాంశం 78.64 అంటే ఎవరూ దారి తప్పరు.

ఈ అంకెల్ని ఫోన్ చిటికెలో చూపిస్తుంది. నాకు మాత్రం వాటిని ఎండలో చూడటమే ఇష్టం. మే 9న డాబా మీద పైపు ముక్క ఒకటి, మేస్త్రీల మట్టం పెట్టి సరిచూసి నిలువుగా నిలబెడతాను. పన్నెండు దాటాక నీడ పైపు మొదట్లోకి జరిగి జరిగి, 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో మాయమవుతుంది. ఆ క్షణాన సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నాడో, అదే మన అక్షాంశం. మంచాల మండలంలోని జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మనకు దక్షిణంగా సుమారు 24 కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికే అక్కడ నీడ దాదాపు ఒక రోజు ముందు మాయమవుతుంది!

మరి నీడ సరిగ్గా పన్నెండు గంటలకే ఎందుకు మాయం కాదు? అది రేఖాంశం సంగతి. మన గడియారాలు కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. ఆ లెక్కన, ఆ రేఖకు పడమరన ఉన్న మనకు మధ్యాహ్నం పదిహేను నిమిషాలు ఆలస్యం. మే నెలలో సూర్యుడు గడియారం కన్నా మూడున్నర నిమిషాలు ముందుంటాడు కాబట్టి ఆ ఆలస్యం పన్నెండు నిమిషాలకు తగ్గుతుంది. ఆగస్టు 3న నీడ మళ్లీ మాయమవుతుంది, 12.20 నుంచి కనిపెట్టుకుని ఉండాలి.

ఈ అక్షాంశ రేఖాంశాలు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 17 డిగ్రీల 19 నిమిషాలను 17.19 అని రాస్తే మనిషి 14 కిలోమీటర్లు దక్షిణాన తేలతాడు. కోణం కొలతలో డిగ్రీకి అరవై నిమిషాలు, వంద కాదు. దశాంశాల్లో రాస్తే బిందువు తర్వాత నాలుగు అంకెలుండాలి. అప్పుడే పది పన్నెండు మీటర్ల తేడాలో ఇల్లు దొరుకుతుంది. కొత్త కాలనీల్లో వీధి పేరే లేని ఇళ్లెన్నో. మీ ఇంటి అంకెలు ఈ రోజే రాసి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ సేవ్ చేసిపెట్టండి.