ఏ ఊరమ్మా మీది?

పీపీఈ సూటు వేసుకున్నాక లోపలున్నది డాక్టరో, నర్సో, ఆయానో రోగికి తెలిసేది కాదు. ముఖం కనిపించదు, గొంతు మాస్కులోనే అణిగిపోతుంది. రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ కోవిడ్ ఆసుపత్రులుగా నడిచిన ఆ రోజుల్లో, ఆ ప్రాంత వైద్యులందరిలాగే నాకూ మిగిలినవి చెయ్యీ, ప్రశ్నా. ఏ మంచం దగ్గరైనా నా మొదటి ప్రశ్న, "ఏ ఊరమ్మా మీది?"

పలకరింపులా వినిపించినా, శ్రీకాకుళంలో అది వైద్యం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు అని జవాబొస్తే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసేవాణ్ణి. అవన్నీ ఉద్దానం ఊళ్లు. అక్కడి కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో కచ్చితంగా తేలలేదు. జబ్బు ఉన్నట్టు చాలామందికి తెలియదు కూడా. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ డోసు తగ్గించాలి. 2021లో జనం ఆస్తులమ్మైనా కొందామనుకున్న రెమ్‌డెసివిర్, కిడ్నీ వడపోత రేటు 30 కంటే తగ్గితే ఇవ్వొద్దనేవి అప్పటి సూచనలు. చాలా ఒళ్లునొప్పుల బిళ్లలూ వాళ్లకు చేటే. డయాలసిస్ మీద ఉన్నవారి సంగతి మరీ కష్టం. జ్వరం తగ్గాక చూద్దామంటే కుదరదు.

ఇంకోటి, మన పెద్దవాళ్లు బాధ చెప్పుకోరు. ఆక్సిజన్ 84కి పడిపోయినా "బాగానే ఉన్నాను బాబూ, మా గుంటడికి ఫోన్ సెయ్యండి" అనేవారు. కోవిడ్‌లో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు కాబట్టి ఆ మాట నమ్మి పక్క మంచానికి వెళ్లకూడదు. మాట్లాడించాలి, ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు అనగలుగుతున్నారో వినాలి. బోర్లా పడుకోమంటే భయపడే ముసలమ్మ భుజం మీద చెయ్యివేసి, ఆక్సిజన్ అంకెలు పెరిగేదాకా పక్కనే నిలబడాలి. ఆ కొడుక్కి ఫోనూ కలపాలి. కొడుకు మాట విన్నాక ఆక్సిజన్ మాస్కు తీసిపారేయని వాళ్లను ఎంతమందిని చూశానో!

దయ వేరు, శాస్త్రం వేరు అనేవారితో నేను ఏకీభవించను. ఊరు అడగని చోట మందు డోసు తప్పే ప్రమాదం ఉంది. రద్దీలో తీరిక లేదంటారు. ఆ ప్రశ్నకు పట్టేది అర నిమిషం.

ఉద్దానం వాళ్లకు నా మాట ఇదీ: జ్వరానికే వెళ్లినా సరే, పాత క్రియాటినిన్ కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోతే మీ ఊరి పేరు మీరే చెప్పండి.