కాళ్లలో సత్తువ కూడా చికిత్సలో భాగమే

పొట్టకు ట్యూబు పెట్టించుకున్న మనిషికి మా పేటలో అందరూ చెప్పేది ఒకటే. కూర్చో, లేవకు, ఏదీ ముట్టకు. షోలాపూర్ తూర్పు భాగంలో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య బతికే మా పద్మశాలి ఇళ్లలో ఆ మాటలు ప్రేమతోనే వస్తాయి. ఆ ప్రేమే మనిషిని మంచాన పడేస్తుందని మా చిన్నాన్నను చూశాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

కిడ్నీలు పాడైన ఆయనది పెరిటోనియల్ డయాలిసిస్. పేగుల చుట్టూ ఉండే పలుచటి పొరే ఇందులో జల్లెడ. రెండు లీటర్ల ద్రావణం పొట్టలోకి ఎక్కించి, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచి, వ్యర్థాలతో సహా దించేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు ఇదే పని. 1976లో అమెరికాలోని ఆస్టిన్‌లో పోపోవిచ్, మాంక్రీఫ్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. 1978లో టొరంటోలో ఒరియోపౌలస్ గాజు సీసాల స్థానంలో ప్లాస్టిక్ బ్యాగులు తెచ్చాక ఇంట్లో చేసుకోవడం తేలికైంది. మన దేశంలో ఈ పద్ధతి 1991లో మొదలైంది.

బ్యాగు మార్చేటప్పుడు తలుపులు, కిటికీలు మూయాలి. ఫ్యాను ఆపాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో, గోడ అవతల సాంచా ఆడుతూ గాలిలో నూలు పొట్టు తేలుతున్న ఇంట్లో, ఇది చిన్న సంగతి కాదు. చేతులు సబ్బుతో కడిగి, మాస్కు కట్టుకుని, ట్యూబు కొస దేనికీ తగలకుండా కొత్త బ్యాగుకు కలుపుతాడు చిన్నాన్న. తెగిన పోగులు అతికిన వేళ్లు కదా, నాకంటే ఆయనే నేర్పరి. దిగిన నీళ్ల బ్యాగు కింద పేపరు పరిచి చూస్తాడు. అక్షరాలు తేటగా కనబడితే సరే. మసకగా ఉంటే లోపల ఇన్ఫెక్షన్ మొదలైందన్న అనుమానంతో ఆ బ్యాగు పట్టుకుని ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇంత శ్రద్ధగా చేస్తున్నా మనిషి ఎందుకు చిక్కిపోతున్నాడు? బయటికి పోయే నీళ్లలో రోజూ కొన్ని గ్రాముల ప్రోటీన్ పోతుంది. ద్రావణంలోని గ్లూకోజ్ ఒంట్లోకి ఎక్కి ఆకలి చంపుతుంది. పొట్ట ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే ఉంటుంది. రక్తం తక్కువ, పైగా రోజంతా కుర్చీలోనే. కండ కరిగి ఆ చోట కొవ్వో నీరో చేరితే కాటా మీద తేడా కనబడదు. బరువు తగ్గలేదు కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు.

డయాలిసిస్ మీద ఉన్నవాళ్లలో చేతి పట్టు సడలినవాళ్లు, నడక మందగించినవాళ్లు ఎక్కువసార్లు ఆసుపత్రి పాలవుతున్నారని, త్వరగా పోతున్నారని పలు దేశాల్లో పరిశీలనలు చెప్పాయి. అయితే జబ్బు ముదిరినవాళ్లే నీరసంగా ఉంటారు కాబట్టి, నీరసమే కారణమని వీటితో తేల్చలేం. అందుకే 2017లో వెలువడిన ఇటలీ ప్రయోగం నాకు ముఖ్యం. రక్త డయాలిసిస్ వాళ్లను, పొట్ట డయాలిసిస్ వాళ్లను కలిపి 296 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇంటి దగ్గరే ఒక పద్ధతి ప్రకారం నడిచింది. ఆరు నెలలకు, ఆరు నిమిషాల్లో వాళ్లు నడవగలిగిన దూరం సగటున 328 మీటర్ల నుంచి 367 మీటర్లకు పెరిగింది. రెండో జట్టు 321 నుంచి 324 దగ్గరే ఆగింది. దీనితో ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు, నేనూ అలా చెప్పను. కానీ మెట్లు దిగలేని మనిషికి ఆ 39 మీటర్లు అంటే సొంత కాళ్ల మీద వీధి చివరిదాకా పోయి రావడం.

ఈ మాట చెబితే చిన్నాన్న ఒప్పుకోలేదు. "నలభై ఏండ్లు నిలబడే పనిజేసిన. ఇప్పుడు నాకు కసరత్తు ఏంది బిడ్డా?" అన్నాడు. బీడీలు చుడుతూ వింటున్న చిన్నమ్మ ఇంకా భయపడింది. "ఉన్న పానం నడకల పోగొట్టుకుంటడా?" అంది. స్టూలు వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. రెండుసార్లు లేచాడు. మూడోసారి చెయ్యి దానంతటదే గోడ వెతుక్కుంది. సాంచా ముందు గంటల తరబడి నిలబడితే పిక్కలు గుంజుతాయి, నడుము పట్టేస్తుంది. కాళ్లకు లేచే సత్తువ గానీ, గుండెకు, ఊపిరితిత్తులకు బలం గానీ దానితో రావు. ఆ తేడా ఆయనకు ఆ స్టూలు మీదే తెలిసింది.

భయం పూర్తిగా తప్పని మాత్రం అనను. ట్యూబు కొత్తగా పెట్టినప్పుడు కొన్ని వారాలు ఆగాలి. పొట్టలో ద్రావణం ఉండగా బరువులెత్తినా, ముక్కినా లోపలి ఒత్తిడి పెరిగి హెర్నియా రావచ్చు. నూలు బీము ఎత్తడం ఆయన ఇక మరిచిపోవాల్సిందే. గట్టి కసరత్తయితే నీళ్లు దించేశాక చేయడం నయం. నడకకు మాత్రం పొట్ట నిండుగా ఉన్నా చాలామందికి ఇబ్బంది ఉండదు. అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలిసిస్ సంఘం 2022లో కసరత్తుపైనే ప్రత్యేకంగా సూచనలు ప్రచురించింది. మీ డాక్టరును అడిగి మొదలుపెట్టండి. తినేదాంట్లో గుడ్డో చేపో వంటి ప్రోటీన్ లేకుండా కసరత్తు ఒక్కటే చేయిస్తే కండ పెద్దగా రాదు.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. చిన్నాన్న ఫైలు నిండా క్రియాటినిన్, హీమోగ్లోబిన్, ఆల్బుమిన్ అంకెలున్నాయి. ఆరు నిమిషాల్లో ఎంత నడిచాడో ఎక్కడా లేదు. దానికి రక్తం తీయక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ఒక వరండా, టేపు, గడియారం చాలు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఆ అంకె కూడా రాయమని అడుగుతాం, మీరూ అడగండి.

ఇప్పుడు పొద్దున మొదటి బ్యాగు దించాక, మూతిముడుచుకునైనా సరే, చిన్నమ్మే ఆయన్ను వీధిలోకి తీసుకుపోతోంది. నారళీ పౌర్ణమికి మార్కండేయ స్వామి రథం వెంట కొంత దూరమైనా నడవాలని ఆయన కోరిక. డాక్టరు సరే అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం బ్యాగు మార్చుకోవడానికి దారిలో ఎవరింట్లో శుభ్రమైన గది దొరుకుతుందో వెతుకుతున్నాం.