తూకం తప్పని పనితనం

ఒక పక్క ఆత్మహత్య చేసుకున్న పదిహేనుమంది టీనేజీ పిల్లల మెదళ్లు. ఇంకో పక్క వేరే కారణాలతో చనిపోయిన, మానసిక వ్యాధులు లేని పదిహేనుమంది మెదళ్లు. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త ఘనశ్యామ్ పాండే, ఆయన సహచరుడు యోగేశ్ ద్వివేది, మరికొందరు కలిసి ఈ రెండు వరసలనూ పోల్చి చూశారు. ఆ పరిశోధన 2002లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ’లో వచ్చింది. మెదడులోని ప్రొటీన్ల ద్వారా ఆత్మహత్యను అర్థం చేసుకోవాలనే ప్రయత్నాల్లో పనితనం కోసమే చదవదగ్గ పత్రం ఇది.

ఈ దారి అంతకు చాలా ముందే మొదలైంది. 1976లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కాలో మేరీ ఆస్బెర్గ్ 68 మంది డిప్రెషన్ రోగుల వెన్నుద్రవాన్ని పరీక్షించారు. సెరటోనిన్ ఖర్చయ్యాక మిగిలే ఒక రసాయనం కొందరిలో బాగా తక్కువగా ఉంది. ఆత్మహత్యా ప్రయత్నాలు వాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. జబ్బు ఒకటే అయినా ప్రమాదం అందరికీ ఒకేలా లేదని దాంతో తేలింది. 1983లో మైకేల్ స్టాన్లీ, జాన్ మాన్ నేరుగా మెదడులోనే వెతికారు. ఆత్మహత్య చేసుకున్నవారి మెదడు ముందుభాగంలో సెరటోనిన్‌ను అందుకునే ఒక రకం గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయని ‘లాన్సెట్’లో రాశారు. గ్రాహకం అంటే కణం పైపొరలో ఉండి రసాయన సందేశాన్ని లోపలికి చేరవేసే ప్రొటీన్.

అప్పటి పరిశోధనలన్నీ దాదాపు పెద్దవాళ్ల మీద జరిగినవే. పెద్దవాళ్ల మెదడు మీద ఏళ్ల తరబడి తాగిన మద్యం, వాడిన మందులు, పడిన జబ్బుల ముద్రలు ఉంటాయి. టీనేజీ మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. పాండే బృందం పిల్లల దగ్గరికి వెళ్లడానికి అదే కారణం.

ఆ మెదళ్లు బాల్టిమోర్‌లోని మేరీలాండ్ సైకియాట్రిక్ రీసెర్చ్ సెంటర్ సేకరణ నుంచి వచ్చాయి. ప్రతి ఒక్కటీ ఓ కుటుంబం తన జీవితంలోకెల్లా ఘోరమైన రోజున సరేనని ఇచ్చింది. ఆ తర్వాత నిపుణులు ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడతారు. బిడ్డ ఎలా ఉండేవాడు, నిద్ర ఎలా పట్టేది, చదువు ఎలా సాగేది, ఏ మందులు వాడాడు అని ఓపిగ్గా అడిగి రాసుకుంటారు. ఈ పద్ధతికి సైకలాజికల్ అటాప్సీ అని పేరు. 1950లలో సెయింట్ లూయిస్‌లో ఎలై రాబిన్స్ 134 ఆత్మహత్యల వెనుక కథలను ఇలాగే ఆప్తులను అడిగి తెలుసుకున్నారు. షికాగో బృందం ఇంకో మెట్టు ఎక్కి, పోలికకు తీసుకున్నవారి ఇళ్లలోనూ ఇవే ప్రశ్నలు అడిగించింది. ‘మామూలు’ అనుకున్న మనిషి నిజంగా మామూలేనా అన్నది కూడా నిర్ధారించుకోవాలి కదా!

ఇక అసలు కష్టం పోల్చడంలో ఉంది. ప్రాణం పోయాక మెదడు ఎన్ని గంటలు ఆగిందన్న దాన్నిబట్టి కొన్ని ప్రొటీన్లు పాడవుతాయి. కణజాలం ఆమ్లత మారితే, ప్రొటీన్ తయారీకి ఆదేశం మోసుకొచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది. వయసునుబట్టి గ్రాహకాల సంఖ్య మారుతుంది. ఇవి రెండు వరసల్లోనూ సమంగా లేకపోతే చివర్లో కనిపించే తేడా ఆత్మహత్యది కాదు, ఆలస్యానిదో వయసుదో అవుతుంది. అందుకే వయసు, లింగం, మరణానికీ మెదడును భద్రపరచడానికీ మధ్య గడిచిన సమయం వంటివి ముందే సరిచూసుకోవాలి. ఎవరూ మెచ్చుకోని ఈ పని మీదే మిగతాదంతా నిలబడుతుంది.

ప్రొటీన్‌ను కొలిచే వెస్టర్న్ బ్లాట్ పద్ధతిలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. చిన్న మెదడు ముక్కను నూరి, అందులోని ప్రొటీన్లను జెల్ మీద విద్యుత్తుతో పరుగెత్తిస్తారు. తేలికవి ముందుకు పోతాయి, బరువైనవి వెనకబడతాయి. వాటిని ఒక పొర మీదికి ఎక్కించి, తమకు కావలసిన ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని వేస్తారు. అది అంటుకున్నచోట ఒక పట్టీ కనిపిస్తుంది. పట్టీ ఎంత చిక్కగా ఉంటే ప్రొటీన్ అంత ఎక్కువ. అయితే ఒక గుంటలో నమూనా కాస్త ఎక్కువ పడితే పట్టీ ఊరికే చిక్కబడుతుంది. అందుకని కణాలన్నిట్లో ఉండే బీటా యాక్టిన్ అనే ప్రొటీన్‌ను కూడా అదే పొర మీద కొలిచి, దాంతో భాగిస్తారు. సరుకు తూచేముందు ఖాళీ తక్కెడకు పాసంగం చూసుకున్నట్టే ఇది.

పాండే బృందం ఈ ఒక్క కొలతతో సరిపెట్టుకోలేదు. గ్రాహకానికి అతుక్కునే రేడియోధార్మిక పదార్థంతో లెక్కపెట్టారు. ప్రొటీన్‌ను కొలిచారు. దాని ఎంఆర్‌ఎన్‌ఏనూ కొలిచారు. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో మూడూ ఒకే మాట చెప్పాయి. ఆత్మహత్య చేసుకున్న పిల్లల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో, హిప్పోక్యాంపస్‌లో 5-హెచ్‌టీ2ఏ అనే సెరటోనిన్ గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయి. మొదటిది ఆలోచించి అడుగు వేయించే భాగం, రెండోది జ్ఞాపకాలకు కీలకం. న్యూక్లియస్ అకంబెన్స్ అనే మూడో భాగంలో తేడా లేదు. ఈ ‘లేదు’ చాలా విలువైనది. మార్పు మెదడంతా పరుచుకున్నది కాదని, చోటెరిగి వచ్చిందని చెప్పేది అదే. ఆ పైన సూక్ష్మదర్శిని కింద బంగారు రేణువులు తగిలించిన యాంటీబాడీలతో వెతికి, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో పెరుగుదల ముఖ్యంగా ఐదో పొరలోని పిరమిడ్ కణాల్లో ఉందని చూపించారు.

2008లో ఇదే బృందం బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను చూసింది. నాడీకణాలు బతకడానికి, కొత్త లంకెలు వేసుకోవడానికి తోడ్పడే ప్రొటీన్ ఇది. ఈసారి ఆత్మహత్య చేసుకున్న పిల్లలు 29 మంది, పోలికకు 25 మంది. ఎంఆర్‌ఎన్‌ఏ ప్రీఫ్రంటల్ కార్టెక్స్, హిప్పోక్యాంపస్ రెండిట్లోనూ తగ్గింది. ప్రొటీన్ మాత్రం ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోనే తగ్గింది, హిప్పోక్యాంపస్‌లో తగ్గలేదు. ఆదేశం తగ్గినంత మాత్రాన సరుకు తగ్గి తీరాలని లేదన్నమాట. జన్యువుల దగ్గర ఆగిపోకుండా ప్రొటీన్ దాకా ఎందుకు వెళ్లాలో దీన్నిబట్టి అర్థమవుతుంది. పొసగని ఫలితాన్ని దాచిపెట్టకుండా ఉన్నదున్నట్టు అచ్చువేయడం ఈ బృందం మీద నమ్మకాన్ని పెంచుతుంది.

ఈ పత్రాలు చెప్పనివి కూడా మనం గుర్తుంచుకోవాలి. ఇవి రెండు గుంపుల సగటుల మధ్య తేడాలు. ఒక మనిషిని పరీక్షించి జోస్యం చెప్పే సాధనాలు కావు. ఏది కారణమో, ఏది పర్యవసానమో మరణించాక తీసిన ఒక్క కొలతతో తేలదు. పేదరికం, అవమానం, ఒంటరితనం జెల్ మీద పట్టీలుగా కనిపించవు. అయినా ఒక మాటను మాత్రం ఈ పని గట్టిగా నిలబెట్టింది. ప్రాణం తీసుకోవాలన్న తలపు వెనుక శరీరంలో కొలవగలిగిన మార్పులు ఉండవచ్చు. కాబట్టి అది పిరికితనం కాదు, పెంపకంలో లోపం కాదు, వైద్యం అందించవలసిన బాధ.

మన దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థుల సంఖ్య 13,044 అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇంటర్ ఫలితాల రోజున తెలుగు ఇళ్లలో ఉండే భయం ఈ అంకె చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. మీ ఇంట్లో బిడ్డ మౌనంగా మారితే అడగండి, తీర్పు చెప్పకుండా వినండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. ఆ బాధ మీదే అయినా సరే, ఆ నంబరుకు ఇప్పుడే ఫోన్ చేయండి.