దొరకలేదంటే లేదనేనా?

కొలెస్టరాల్ పరిశోధనకు 1985లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లు ఆ డిసెంబరులో ఇచ్చిన ఉపన్యాసాన్ని కళాశాల విద్యార్థులు మూలంలోనే చదవాలి. మన పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాలకు కుదించిన విషయం నిజానికి ఎన్ని మలుపులు తిరిగిందో తెలుస్తుంది.

రక్తంలోని ఎల్.డి.ఎల్. రేణువులను పట్టి కణంలోకి చేర్చే ప్రోటీను ఎల్.డి.ఎల్. గ్రాహకం. తల్లి నుంచీ తండ్రి నుంచీ దీని లోపపు జన్యువే వచ్చిన పిల్లలకు చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. ఇలాంటి పిల్లల్లో చాలామంది చర్మకణాలకు ఎల్.డి.ఎల్. అంటుకోదు. అంటే గ్రాహకం అసలు తయారు కావడం లేదా? తయారై లోపలే చిక్కుకుందా? పైకి వచ్చినా పట్టు లేదా? ఎల్.డి.ఎల్.తో చేసే పరీక్ష మూడింటికీ ఒకే జవాబిస్తుంది.

ఇక్కడ పనికొచ్చినవి యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు. ఆవు అడ్రినల్ గ్రంథి నుంచి తీసిన గ్రాహకాన్ని ఎలుకలకు ఎక్కించి, కోహ్లర్, మిల్‌స్టీన్‌ల 1975 నాటి పద్ధతిలో డల్లాస్ బృందం సి7 అనే మోనోక్లోనల్ యాంటీబాడీని తయారుచేసింది. 1981లో ప్రకటించిన ఈ యాంటీబాడీ మనిషి గ్రాహకాన్నీ గుర్తుపట్టింది. యాంటీబాడీలతో గ్రాహకాన్ని కణం నుంచి వేరుచేసి చూస్తే, అది మొదట 1,20,000 డాల్టన్ల భారంతో పుట్టి, తరువాత 1,60,000గా కనిపిస్తుందని తేలింది. కొందరు రోగుల కణాల్లో మొదటి రూపం దగ్గరే ఆగిపోయింది! పట్టినా కణంలోకి దిగలేని మరో లోపంతో కలిపి, ఒకే వ్యాధి వెనుక నాలుగు రకాల లోపాలు నిలిచాయి. ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

చిక్కంతా దాన్ని ఎత్తిరాసే వారితోనే. మొదటి రకాన్ని ‘గ్రాహకం తయారు కాదు’ అని తేల్చేస్తారు. యాంటీబాడీకి దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. మోనోక్లోనల్ యాంటీబాడీ గుర్తించేది ప్రోటీనులో ఒక చిన్న భాగాన్నే. అది మారితే ఎదురుగా ఉన్న ప్రోటీనూ కనిపించదు. మరోవైపు, వేరే ప్రోటీనును పట్టుకుని ‘ఇదే’ అనే యాంటీబాడీలూ ఉన్నాయి. 2023లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన పరిశీలనలో, నాడీశాస్త్రానికి చెందిన 65 ప్రోటీన్ల కోసం అమ్ముడయ్యే 614 యాంటీబాడీలను, ఆయా జన్యువులు తొలగించిన కణాలతో పోల్చి పరీక్షించారు. పనిచేయని యాంటీబాడీతో వెలువడిన పరిశోధన పత్రాలు ఒక్కో ప్రోటీనుకు సగటున 12 దాకా తేలాయి.

జన్యువు తొలగించిన కణాలను ఇప్పుడు ప్రయోగశాలలో తయారుచేసుకోవచ్చు. డల్లాస్ వారికి పోలికగా దొరికినవి, పాపం, ఆ పిల్లల చర్మకణాలే. సి7 వాటిలో కొన్నిటికి అంటుకోలేదు.